మట్టిని అడిగి కట్టిన గోడ



నేను తాపీ మేస్త్రిని. మాది ఖరగ్‌పూర్. పశ్చిమ బెంగాల్‌లో, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న రైల్వే ఊరు. అందులో సుభాష్‌పల్లి మా పేట. పల్లి అంటే బెంగాలీలో పేట అనే అర్థం. కానీ మా సందులో పొద్దున్నే కుళాయి దగ్గర వినిపించే మాటలు వింటే, ఇది మన పల్లే అనుకుంటారు మీరు. కుళాయి దగ్గర తెలుగు, బజార్లో హిందీ, పనిలో బెంగాలీ. నా పనిముట్లకు కూడా రెండేసి పేర్లు. నేను తాపీ అంటాను, మా జోగాడే కర్నిక్ అంటాడు. నేను తూకం గుండు అంటాను, అతను ఓలన్ అంటాడు. జోగాడే అంటే మేస్త్రికి మట్టీ ఇటుకా అందించే కూలి. ఏ పేరుతో పిలిచినా గుండు మాత్రం నిటారుగానే వేలాడుతుంది.

ఈ రోజు మీతో మట్టి గోడల గురించి మాట్లాడాలని వచ్చాను. సిమెంటు పని చేసి చాలా ఏళ్ళు బతికాను. ఇప్పుడూ చేస్తాను. కానీ నాకు పని నేర్పింది మట్టి. మట్టితో కట్టడం పేదరికం వల్ల చేసే పని అనీ, చేతకాని రోజుల్లో చేసిన పని అనీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని నా చేతులకు తెలుసు. చేతులకు తెలిసింది మాటల్లో చెప్పగలనో లేదో చూద్దాం.

మా తాతతో మొదలుపెడతాను.

1900 ప్రాంతంలో బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు ఖరగ్‌పూర్‌ని జంక్షన్ చేశారు. తర్వాత పెద్ద వర్క్‌షాపు వచ్చింది. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే దారి ఈ ఊరి మీదుగానే పోతుంది కాబట్టి, ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల వైపు నుంచి మన వాళ్ళు రైలెక్కి వచ్చేశారు. వర్క్‌షాపులో కొందరు, పట్టాల పనిలో కొందరు, కట్టుబడి పనిలో కొందరు. అలా వచ్చిన వాళ్ళలో మా తాత ఒకడు. కళింగపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చాడు. అక్కడ ఆయన చుట్టిళ్ళు కట్టేవాడు.

చుట్టిల్లు చూసిన వాళ్ళు ఇప్పుడు తక్కువైపోతున్నారు, అందుకని చెబుతాను. గుండ్రటి మట్టి గోడ. దాని మీద గొడుగులా తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే, లోపలికి వెళ్ళేవాడు తల వంచాల్సిందే. సముద్రం మీంచి గాలి వచ్చిందంటే, దానికి కొట్టుకోవడానికి ఆ ఇంటి మూల ఒక్కటీ దొరకదు. చుట్టూ తిరిగి దాటిపోతుంది. తుఫాన్లు తెలిసినవాళ్ళు పెట్టిన ఆకారం అది.

ఖరగ్‌పూర్‌లో కాస్త నిలదొక్కుకున్నాక మా తాత తన కోసం ఒక గది కట్టుకున్నాడు. కాళ్ళ కింద ఉన్న ఎర్ర మట్టే తవ్వాడు. నీళ్ళు పోశాడు, తొక్కాడు, చిన్నప్పటి నుంచి వచ్చిన పనే కాబట్టి ఎవర్నీ అడగలేదు. గోడ లేచింది. ఆరింది. వేలితో గీకితే పొడి రాలింది. తొలి వాన పడగానే మొదలు దగ్గర జారి, గోడ మోకాళ్ళ మీద కూర్చున్నట్టు కూలబడింది.

ఈ కథ తాత నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. "ఒరే గుంటా, నా సేతులు మా ఊరి మట్టికి అలవాటు పడ్డాయిరా. ఈ మట్టి నన్నెరగదు, నేను దాన్నెరగను. అడక్కుండా కట్టేసినాను."

అప్పుడు ఆయనకు దారి చూపించింది ఇక్కడి ఒక ముసలి ఘరామి. ఘరామి అంటే బెంగాల్‌లో మట్టి ఇల్లు కట్టి, దాని మీద గడ్డి కప్పు వేసే పనివాడు. అతను వచ్చి కూలిన గోడలోంచి ఒక పెళ్ల తీసి, అరచేతిలో నలిపి, ఇందులో కంకర ఉంది, ఇసుక ఉంది, పట్టుకునేది లేదు అన్నాడట. దగ్గర్లో ఉన్న గుంట అడుగు మట్టి తెచ్చి కలపమన్నాడట. బెంగాల్ పల్లెల్లో ఇంటికీ చెరువుకూ చుట్టరికం ఉంటుంది. ఇంటికి మట్టి తీసిన చోటే గుంటవుతుంది. గుంటలో నీళ్ళు నిలుస్తాయి, చేపలు పెరుగుతాయి, గోడలకు మళ్ళీ మెత్తాల్సి వస్తే ఆ అడుగు మట్టే పనికొస్తుంది. మా తాత గుంట మట్టి కలిపి రెండో గోడ లేపాడు. ఆ గోడ ఇంకా ఉంది. మా ఇంటి వెనక గది అదే. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఈ ఎర్ర మట్టి గురించి ఒక మాట. మా ఊరంతా లాటరైట్ నేల. తొలకరి పడిందంటే సుభాష్‌పల్లి సందుల్లో కాలవలు ఎర్రగా పారతాయి, ఉతికి ఆరేసిన తెల్ల పంచెల అంచులు గులాబీ రంగు తేలతాయి. వేడి, వాన రెండూ ఎక్కువున్న చోట, లక్షల ఏళ్ళ వాన నీరు రాతిలోని సిలికాను కడుక్కుపోతుంది. ఇనుము, అల్యూమినియం మిగిలిపోతాయి. ఆ ఇనుము తుప్పు రంగే ఈ ఎరుపు. లాటరైట్ అనే పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరు. 1807లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో, మలబారులో చూసిన రాయికి ఆ పేరు పెట్టాడు. లాటిన్‌లో లేటర్ అంటే ఇటుక. భూమిలో ఉన్నంతసేపు మెత్తగా గొడ్డలికి లొంగుతుంది, కోసి గాలికి పెడితే గట్టిపడుతుంది. అంటే నిప్పు పెట్టకుండానే ఇటుకయ్యే రాయి. ఇక్కడి వాళ్ళు దాన్ని మాక్‌డా పాథర్ అంటారు. మేదినీపూర్, బాంకురా జిల్లాల్లో పాత గుళ్ళు ఈ రాతితో కట్టినవి చాలా ఉన్నాయి.

రాయి సంగతి అలా ఉంచితే, పైన ఉన్న మట్టి మాత్రం ఒకేలా ఉండదు. మా పేటలో ఒక చోట తవ్వితే కంకర, పది అడుగులు అవతల తవ్వితే మెత్తని బంకమన్ను. అందుకే ఎవరైనా వచ్చి మేస్త్రీ, మట్టిల్లు కడతావా అని అడిగితే, ముందు నేను డబ్బు లెక్క చెప్పను. మట్టి చూపించమంటాను. మట్టిని నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఇంట్లోనే ఎవరైనా అడగొచ్చు, యంత్రం అక్కర్లేదు.

మొదటిది వాసన. పైమట్టి అర్ధడుగు, అడుగు లోతు తీసి పక్కన పెట్టాలి. అందులో కుళ్ళిన ఆకు, వేరు ఉంటాయి. అది పంటకు పనికొస్తుంది, గోడకు కాదు. కింది మట్టి తడిపి వాసన చూస్తే కమ్మటి వాన వాసన రావాలి. మగ్గిన ఆకు వాసన వస్తే ఇంకా లోతుకు వెళ్ళాలి.

రెండోది ముద్ద. కొద్దిగా తడిపి నిమ్మకాయంత ముద్ద చేసి, ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలాలి. పొడి పొడి అయిపోతే ఇసుక ఎక్కువ. అప్పం లాగా అతుక్కుపోయి పగలకపోతే బంక ఎక్కువ. నాలుగైదు పెళ్లలుగా విడిపోతే సరైన మట్టి.

మూడోది చుట్ట. మా తాత కాల్చిన పొగాకు చుట్ట కాదు, అలాంటి ఆకారం. మట్టిని బొటనవేలంత లావు చుట్టగా చేసి, బల్ల అంచు నుంచి మెల్లగా ముందుకు తోస్తూ పోవాలి. రెండు అంగుళాలు కూడా రాకముందే విరిగిపోతే జిగురు చాలదు. జానెడు దాటినా విరగకపోతే జిగురు ఎక్కువైంది, ఆరాక గోడ బీటలు వారుతుంది. మధ్యలో విరిగితే మంచిది.

నాలుగోది సీసా. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతాది నీళ్ళు, చిటికెడు ఉప్పు. బాగా కుదిపి కింద పెట్టాలి. ఇసుక నిమిషంలో అడుగు పడుతుంది. సన్న ఒండ్రు ఆ తర్వాత. బంకమన్ను తేటపడడానికి రాత్రంతా పట్టొచ్చు. తెల్లారి చూస్తే సీసాలో మట్టి తన లెక్కంతా వరసలుగా చెప్పేస్తుంది.

మన వైపు నల్లరేగడి ఉన్న చోట ఈ పరీక్షలు ఇంకా ముఖ్యం. నల్లరేగడి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి దూరేంత బీటలు ఇస్తుంది. దాంతో గోడ కట్టాలంటే ఇసుకా, సున్నమూ కలిపి దాని పొగరు తగ్గించాలి. మా ఎర్ర మట్టిలోని బంక అంతగా ఉబ్బదు. కానీ దానికి జిగురు తక్కువ. ఒక్కో మట్టికి ఒక్కో లోటు. లోటు తెలుసుకుని తీర్చడమే మేస్త్రి పని.

ఇక గోడ. తవ్విన మట్టిని జల్లెడ పట్టి, కుప్ప మధ్యలో గుంట చేసి నీళ్ళు పోసి, కనీసం రెండు రోజులు నాననివ్వాలి. జానెడు ముక్కలుగా నరికిన వరిగడ్డి చల్లాలి. ఆ తర్వాత కాళ్ళతో తొక్కాలి. అడుసు తొక్కడమెందుకు, కాళ్ళు కడగడమెందుకు అని మనకు సామెత ఉంది. మా వృత్తిలో ఆ సామెత చెల్లదు. ఇల్లు కావాలంటే తొక్కాల్సిందే, సాయంత్రం కడుక్కోవాల్సిందే. మడమ కింద గులకరాయి తగిలితే తీసేస్తాం, పొడి ముద్ద తగిలితే నలుపుతాం. యంత్రానికి ఆ మడమ ఉండదు. తొక్కగా తొక్కగా ఒక సమయం వస్తుంది, అడుసు కాలికి అంటుకోకుండా వదిలిపెడుతుంది. అప్పుడు గోడకు సిద్ధమైందన్నమాట.

ముద్దలు ముద్దలుగా ఒకరు అందిస్తే ఒకరు పేర్చుకుంటూ పోవాలి. మొదలు రెండడుగుల మందం, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతూ ఒకటిన్నర అడుగు. ఒక్క రోజులో మూరెడు ఎత్తుకు మించి లేపకూడదు. ఆత్రపడి లేపితే కింది వరస పొట్ట ఉబ్బుతుంది. ఎండ కాస్తే మూడు రోజులు, మబ్బు పడితే వారం ఆగాలి. గోడ సగం ఆరినప్పుడు పక్కలు పారతో చెక్కి, తూకం గుండు పెట్టి నిటారు చూసుకోవాలి. ఆ పైన రెండో వరస. మా బెంగాల్ పల్లెల్లో ఇలా మూరెడు మూరెడుగా పోసి రెండంతస్తుల ఇళ్ళు కట్టారు. మాఠ్‌కోఠా అంటారు వాటిని. కింద మనుషులు, పైన ధాన్యం. బాంకురా, బీర్‌భూమ్ వైపు వెళ్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

మట్టి గోడకు వాన శత్రువు అంటారు. కాదండీ. పడి పోయే వాన ఏమీ చేయదు. నిలిచిన నీరే చంపుతుంది. అందుకని మూడు జాగ్రత్తలు. ఒకటి, పునాది, అరుగు నేల కన్నా రెండడుగులు పైకి రావాలి. అది రాయో, కాల్చిన ఇటుకో అయితే మేలు, మా దగ్గర మాక్‌డా రాయి చక్కగా సరిపోతుంది. రెండు, చూరు గోడ దాటి రెండు మూడు అడుగులు బయటికి రావాలి. మూడు, ఇంటి చుట్టూ నేల వాలుగా ఉండాలి, చూరు నీళ్ళు గోడ వైపు తిరిగి రాకూడదు. చెదలకు కూడా ఈ తడే కావాలి. మొదలు పొడిగా ఉంచితే సగం చెద రాదు.

మిగిలిన పని ఆడవాళ్ళది. ఈ మాట నేను తక్కువ చేసి చెప్పడం లేదు. గోడ లేపడానికి నెల పడుతుంది, దాన్ని కాపాడడానికి అరవై ఏళ్ళు పడుతుంది. ఆ అరవై ఏళ్ళ పని మా నాయనమ్మది, మా అమ్మది. సన్న మట్టి, పేడ, ఊక కలిపి నాననిచ్చి, అరచేత్తో అర్ధచంద్రాకారంగా మెత్తేవాళ్ళు. పేడలో ఉన్న సన్న పీచు మట్టిని పట్టి ఉంచి బీటలు రానివ్వదు. మా జిల్లాలోని సంతాల్ ఆడవాళ్ళ చేతి పని మీరు చూడాలి. కార్తీకంలో సొహ్‌రాయ్ పండుగ ముందు గోడలన్నీ మెత్తి, ఎర్ర మట్టి, నల్ల మట్టి, తెల్ల మట్టితో పట్టీలు దిద్దుతారు. తలుపు పక్క అరుగు అంచు కూడా కత్తితో గీసినట్టు ఉంటుంది. ఏ తాపీ పట్టుకోకుండా, వట్టి చేత్తో. నేను ముప్పై ఏళ్ళ మేస్త్రిని అయ్యాక కూడా ఆ నునుపు నా చేతికి రాలేదు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

నాకు అప్పుడు పాతికేళ్ళు. సిమెంటు పని కొత్తగా వచ్చి, దాని మీద గొప్ప నమ్మకం ఉన్న రోజులు. ఊరికి కొంత దూరంలో ఒక పెద్దాయన మట్టిల్లు, మాఠ్‌కోఠా, వాళ్ళ నాన్న కట్టించింది. కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఇల్లు పక్కాగా కనిపించాలి, సిమెంటు పూత వెయ్యి మిస్త్రీ అన్నాడు. మా తాత అప్పటికి మంచం మీద ఉన్నాడు. అడిగితే వద్దు అనేవాడని నాకు తెలుసు. అందుకే అడగలేదు. ఇనప వల మేకులతో కొట్టి, దాని మీద సిమెంటు పూత వేసి, నునుపు తేల్చి సున్నం కొట్టాను. పెళ్ళికి వచ్చిన వాళ్ళంతా మెచ్చుకున్నారు.

మూడో వానాకాలం ఆయన కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే, పూత పొట్టలా ఉబ్బి ఉంది. వేలితో కొడితే డొల్ల చప్పుడు. ఒక చోట అర చదరపు గజం పూత ఊడి పడింది, దానితో పాటు చెయ్యంత మందం గోడ కూడా. లోపల మట్టి తడిసి ముద్దగా ఉంది. ఆయన కోప్పడలేదు. "మిస్త్రీ, వాన బయట పడుతోంది కదా, గోడ లోపల తడి ఎక్కడిది?" అని మాత్రం అడిగాడు.

తడి కింద నుంచి వచ్చింది. నేలలోని తేమ మెల్లగా గోడలోకి పాకుతుంది. మట్టి పూత ఉంటే ఆ తేమ ఎప్పటికప్పుడు గాలిలోకి పోతుంది. నేను సిమెంటుతో దాని దారి మూసేశాను. పైగా సిమెంటు పూతలో వచ్చిన వెంట్రుకంత బీటలోంచి వాన నీరు లోపలికి పోయింది, బయటికి రాలేదు. యాభై ఏళ్ళు నిలిచిన గోడను మూడు వానల్లో కుళ్ళబెట్టాను. పూతంతా రాల్చి, గోడను ఆరనిచ్చి, పాడైన చోట పచ్చి ఇటుకలు పెట్టి, మట్టితో, పైన పలచటి సున్నంతో మళ్ళీ మెత్తి ఇచ్చాను. కూలి తీసుకోలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి తాతకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వూ అడగలేదన్నమాట" అన్నాడు.

అప్పటి నుంచి నేను ఏ పనిలోనూ అడగకుండా చెయ్యి పెట్టలేదు.

మట్టి అంటే పాత పద్ధతి ఒక్కటే అని నేను చెప్పను. 1974లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, పల్లెలకు పనికొచ్చే విద్య కోసం అస్త్ర అనే విభాగం పెట్టారు. అక్కడ ప్రొఫెసర్ జగదీశ్, ఆయనతో పనిచేసిన వాళ్ళు మట్టి దిమ్మెల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. మట్టిలో కొద్దిగా సిమెంటు, అంటే వందలో ఐదారు పాళ్ళు కలిపి, చేతి మరలో పెట్టి గట్టిగా నొక్కితే ఇటుకలాంటి దిమ్మె వస్తుంది. బట్టీలో పెట్టక్కర్లేదు. మూడు నాలుగు వారాలు నీళ్ళు చల్లుతూ నీడలో ఉంచితే చాలు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇదే పద్ధతిలో అంతస్తుల మీద అంతస్తులు, కమానులు, గుమ్మటాలు కట్టారు, దేశదేశాల మేస్త్రీలకు నేర్పుతున్నారు. వాళ్ళు చెప్పే మంచి మట్టి లెక్క ఇది. వంద పాళ్ళలో కంకర పదిహేను, ఇసుక యాభై, ఒండ్రు పదిహేను, బంక ఇరవై. ఆ లెక్క విన్నప్పుడు నాకు మా సీసా గుర్తొచ్చింది. ఇలాంటి దిమ్మెలకు మన దేశంలో ఐఎస్ 1725 అనే ప్రమాణం కూడా ఉంది. ఎర్ర మట్టి ఉన్న మా ఊరికీ, ఉత్తరాంధ్రకూ ఇది బాగా నప్పే పని.

సిమెంటు మీద నాకు ద్వేషం లేదు. కానీ సిమెంటు తయారీలో సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడికి కాల్చాలి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటు నుంచే వస్తుంది. ఇటుక బట్టీలు బొగ్గు తింటాయి, పొలం పైమట్టి తింటాయి. బీము, స్లాబు, బాత్రూము, వీటికి సిమెంటు కావాలి, వాడదాం. పడక గది గోడకు ఎందుకు? మే నెలలో మా ఊళ్ళో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఐదంగుళాల సిమెంటు గోడ మధ్యాహ్నానికే పెనంలా అవుతుంది. రెండడుగుల మట్టి గోడలోకి పగటి వేడి దిగేసరికి చీకటి పడి, చల్లగాలి మొదలవుతుంది.

ఇది పేదవాళ్ళ మాట కాదని చెప్పడానికి మా బెంగాల్‌లోనే సాక్ష్యం ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1935లో శాంతినికేతన్‌లో శ్యామలి అనే ఇల్లు కట్టించుకున్నారు. గోడలే కాదు, పైకప్పు కూడా మట్టే. సురేంద్రనాథ్ కర్ కట్టుబడి చూశారు, నందలాల్ బోస్, కళాభవన్ విద్యార్థులు గోడల మీద బొమ్మలు మలిచారు. గాంధీగారు ఆ ఇంట్లో బస చేశారు. ఖరగ్‌పూర్ నుంచి బాంకురా రైలెక్కితే విష్ణుపూర్ వస్తుంది. అక్కడ 1655లో కట్టిన జోర్ బంగ్లా గుడి చూడండి. ఇటుకతో కట్టిన గుడి, కానీ ఆకారం రెండు గడ్డి కప్పుల మట్టిళ్ళు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది. మల్ల రాజులు దేవుడికి ఇల్లు కట్టాలనుకున్నప్పుడు ఘరామి కట్టిన ఇంటి ఆకారమే తీసుకున్నారు.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. ఈజిప్టులో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి ఉండేవాడు. 1940ల్లో కర్ర దొరకని చోట పచ్చి ఇటుకలతో పైకప్పు కమాను వేయాలని చూశాడు. కూలిపోయింది. అప్పుడు ఆయన అస్వాన్ దగ్గర నూబియా పల్లెలకు వెళ్ళాడు. అక్కడి మేస్త్రీలు కింద కర్ర ఆసరా లేకుండా, వట్టి చేత్తో, ఇటుకను వెనక గోడకు ఆనించి కమాను పేర్చుకుంటూ పోతున్నారు. పెద్ద చదువు చదివిన ఆయన ఆ మేస్త్రీలను పిలుచుకొచ్చి వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. మా తాత ఘరామిని అడిగినట్టే. మన పక్కనే బంగ్లాదేశ్‌లో, దినాజ్‌పూర్ జిల్లా రుద్రపూర్‌లో, అన్నా హెరింగర్ అనే ఆవిడ ఊళ్ళో వాళ్ళతో కలిసి మట్టి, వెదురుతో రెండంతస్తుల బడి కట్టింది. అడుసును గేదెలు తొక్కాయి. ఊళ్ళో పాత పద్ధతినే తీసుకుని, కింద ఇటుక పునాది, తేమ పాకకుండా అడ్డు పొర చేర్చింది. 2007లో ఆ బడికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? లెక్కలు రాసుకునే వాళ్ళు వచ్చి మట్టి గోడ చూసి కచ్చా ఇల్లు అని రాసుకుంటారు. కచ్చా అంటే పచ్చిది, పక్కా అంటే వండింది. మట్టిని కాల్చలేదు కాబట్టి పచ్చిదే, ఒప్పుకుంటాను. కానీ రాసే చేతికి పచ్చి అన్నా, బలహీనం అన్నా ఒకటైపోయింది. పక్కా ఇల్లు వస్తుందంటే రెండడుగుల గోడ పడగొట్టి ఐదంగుళాల గోడ కట్టుకుంటున్నారు. ఇల్లు లేని వాళ్ళకు ఇల్లు రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ మంచి మట్టి గోడ ఉంటే దాన్ని ఉంచి, పునాదీ కప్పూ బాగు చేసుకునే దారి కూడా ఉండాలి కదా.

ఇక మాలాంటి వాళ్ళ సంగతి. సిమెంటు మేస్త్రికి ఒక కూలి రేటు ఉంది. మట్టి పని అంటే, మట్టే కదా, అందరికీ వచ్చేదే కదా అని తగ్గించి అడుగుతారు. అందరికీ రాదు. ముద్ద పడేసి వినడం, అడుసు కాలిని వదిలే క్షణం పట్టుకోవడం, తడి వరస మీద తొందరపడకుండా చేతులు కట్టుకుని నిలబడడం, ఇవన్నీ ఏళ్ళు పట్టే చదువు. ఈ చదువుకు కూలి తగ్గితే కుర్రాళ్ళు నేర్చుకోరు. మా పేటలో కుర్రాళ్ళు టైల్సు పనికి, గుజరాత్‌కీ కేరళకీ వెళ్ళిపోతున్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. కానీ వాళ్ళు వెళ్ళిపోయాక మట్టిని అడిగేవాడు ఉండడు. మట్టి ఎక్కడికీ పోదు, కాళ్ళ కిందే ఉంటుంది. దానితో మాట్లాడడం తెలిసిన వాళ్ళే పోతారు.

నా మాట వింటున్న వాళ్ళలో ఎవరింట్లోనైనా పాత మట్టి గోడ ఉంటే, పడగొట్టే ముందు ఒక్కసారి దాని మొదలు చూడండి. తడి ఉందా? ఉంటే ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోంది? చూరు చాలడం లేదా, కాలవ పూడిందా, ఎవరో సిమెంటు పూశారా? చాలాసార్లు జబ్బు గోడది కాదు, నీటిది. దాని దారి సరిచేస్తే గోడ కోలుకుంటుంది. మట్టి పని తెలిసిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే వాళ్ళను పిలవండి. వాళ్ళకు మేస్త్రి కూలే ఇవ్వండి. పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టండి.

మా వెనక గది సంగతి చెబుతానన్నాను. మా తాత కట్టిన ఆ రెండో గోడను మా అమ్మ పోయేదాకా ఆవిడే మెత్తింది. తర్వాత నా భార్య, ఇప్పుడు నేను కూడా. పోయిన ఏడాది వానల్లో పక్కింటి పైపు పగిలి, మేం చూసుకునేలోపు ఒక మూల నాలుగడుగుల మేర కూలిపోయింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళు ఇటుకతో కట్టెయ్యి అన్నారు. నేను కూలిన మట్టిని ఒక చోట పోగుచేసి నీళ్ళు పోశాను. రెండు రోజులు నానింది. తొక్కడానికి దిగితే, మా తాత వేసిన గడ్డి ముక్కలు కాళ్ళకు తగిలాయి. తొంభై ఏళ్ళ కిందటి వరిగడ్డి, ఇంకా పసుపు రంగు పోలేదు. కొద్దిగా కొత్త గడ్డి చేర్చాను, అంతే. మట్టి వేరే తేలేదు. మూడు వరసల్లో, పదిహేను రోజుల్లో, అదే మట్టితో అదే మూల లేచింది.

మా మనవడు అడుసులోకి దిగి నాతో తొక్కాడు. కాసేపయ్యాక, "తాతా, అయిపోయిందా?" అన్నాడు.

"నన్నడగొద్దురా, దాన్నడుగు" అన్నాను.

వాడు కాలెత్తి చూశాడు. ఇంకా అంటుకుంటోంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాడు.